పేరుకొక్క దండీ

సదానందం ప్రార్థన చేస్తే ఒళ్లంతా చెమట పట్టేది.

మంచిర్యాల దగ్గరి బొగ్గు గని కాలనీలో అతని క్వార్టర్. ఫస్ట్ షిఫ్ట్ సైరన్ మోగకముందే లేచి, వెనక దొడ్లోకి వచ్చి, నేలకు అరచేతులు ఆనించి దండీలు తీసేవాడు. అంకెలు లెక్కపెట్టేవాడు కాదు. దండీకొక పేరు. ఛాతీ నేలకు దిగేటప్పుడు ఒక మనిషి పేరు అనుకోవడం, లేచేటప్పుడు ఆ మనిషిని దేవుడికి అప్పజెప్పడం. మొదట పాస్టరయ్య. తర్వాత మోకాళ్ల నొప్పులతో చర్చి మెట్లు ఎక్కలేని ఐలవ్వ. ఆ తర్వాత గనిలో తన జట్టువాళ్లు, భార్య బాలలక్ష్మి. అందరికన్నా చివర కొడుకు దయాకర్. అప్పటికి చేతులు వణికేవి. కావాలనే కొడుకు పేరును చివరికి పెట్టుకున్నాడు. సులువుగా ఉన్నప్పుడు చేసే ప్రార్థన కంటే, ఇక లేవలేననుకున్నప్పుడు చేసేదే దేవుడికి గట్టిగా వినపడుతుందని అతని నమ్మకం. ఇది బైబిల్ వాక్యంలో ఉందా అని ఒకసారి పాస్టరయ్యను అడిగాడు. "లేదు గని, తప్పు కూడా కాదు" అన్నాడాయన.

దండీల తర్వాత బస్కీలు, ఆ తర్వాత బరువు. రెండు నూనె డబ్బాల్లో సిమెంటు పోసి, నడుమ ఇనుప పైపు దూర్చి అతనే చేసుకున్న బరువు అది. భుజాల మీదికి ఎత్తి స్తోత్రం, దించి స్తోత్రం. పక్క క్వార్టర్లవాళ్లు మొదట్లో నవ్వారు. పోనుపోను పిల్లలకు పరీక్షలున్నా, ఇంట్లో జ్వరమున్నా గోడ మీది నుంచి తొంగిచూసి "సదానందం, మా పేరు గూడ ఒకటి వేసుకో" అని అడగసాగారు. చర్చి మొహం చూడనివాళ్లు కూడా అడిగేవాళ్లు. అడిగిన ప్రతివాళ్ల పేరూ చేర్చుకుంటూ పోబట్టే ఆ వయసులో అతని భుజాలు అట్లా ఉన్నాయని బాలలక్ష్మి ఎగతాళి చేసేది.

గనిలో అతను టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం పని. దుంగకు రెండో కొస పట్టేవాడు ఖయ్యూం. ఇద్దరూ ఒకే ఏడు గనిలో చేరారు, అప్పటి నుంచి జోడీ.

"నా పేరు ఎక్కడొస్తది భాయ్?" అని అడిగేవాడు ఖయ్యూం.

"ఐలవ్వ తర్వాత."

"ముసలిదాని తర్వాతనా? జర ముందుకు జరుపు. పైకప్పు కింద ఉండేది నేను, ఆమె కాదు."

అసలు ఈ కసరత్తు మొదలైంది షుగర్‌తో. దయాకర్ డిగ్రీలో ఉన్నప్పుడు దవాఖానలో రక్తం చూసి షుగర్ ఉందన్నారు. గోలీలు రాసిచ్చి, ఒళ్లు వంచమన్నారు. ఇన్నేళ్లూ జీతం కోసం వంచిన ఒళ్లే కదా, కాసేపు దేవుడి కోసం వంచుదాం అనుకున్నాడు సదానందం. ఏడాది తిరిగేసరికి షుగర్ అదుపులోకి వచ్చింది. ఒక ఆదివారం చర్చిలో నిలబడి, దేవుడు చేసిన మేలు ఇదని సాక్ష్యం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతను పొంగిపోలేదు గాని, ఆ రోజు ఇంటికి కొంచెం నిటారుగానే నడిచి వచ్చాడు.

ఆ సాక్ష్యాన్ని దయాకర్ చాలా ఏళ్ల తర్వాత గుర్తుచేశాడు.

దయాకర్ కరీంనగర్‌లో బండ్ల షోరూంలో పనిచేసేవాడు. అది మూతపడింది. పత్తి కాలంలో జమ్మికుంట జిన్నింగ్ మిల్లులో కాంటా దగ్గర నిలబడ్డాడు. కాలం అయిపోగానే అదీ పోయింది. భార్య అలేఖ్య పిల్లను తీసుకుని జమ్మికుంటలోనే తల్లిగారింట్లో ఉండిపోయింది. ఏదైనా ఒక ఉద్యోగం దొరికాకే వస్తానని కబురు పెట్టింది. దయాకర్ ఒక్కడే సంచితో కాలనీకి వచ్చాడు.

కంపెనీలో ఒక నియమం ఉంది. పనిచేసే మనిషిని జబ్బు వల్ల పనికి పనికిరాడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, అతని కొడుక్కి ఉద్యోగం ఇస్తారు. దాన్నే అందరూ అన్‌ఫిట్ అంటారు. కాని ఉద్యోగం నుంచి దిగిపోయే తేదీ రెండేళ్లలోపుకు వస్తే ఆ దారి మూసుకుపోతుంది. సదానందానికి ఆ గడువు ఎండాకాలంతో ముగుస్తుంది. బోర్డుకు దరఖాస్తు పెట్టమని దయాకర్ పోరితే పెట్టాడు. ఈస్టర్ తర్వాత రమ్మని కబురొచ్చింది.

"రమ్మన్నరు గని, పోయి ఏం జెప్తవ్?" అన్నాడు దయాకర్ ఆ రోజు అన్నం ముందర కూర్చుని.

"షుగర్ ఉన్నదని చెప్త."

"ఉన్నది, అదుపుల ఉన్నది. గదే గదా పరేషాన్. అదుపుల ఉంటే ఎవడిస్తడు బాపు అన్‌ఫిట్? నిన్ను జూస్తే డాక్టరే సిగ్గుపడతడు. చర్చిల నిలబడి సాక్ష్యం చెప్తివి. ఊరంత చప్పట్లు గొట్టిరి. ఆ చప్పట్లే ఇయ్యాల నా నోట్ల మన్ను గొడుతున్నయ్."

"అయితే ఏం జెయ్యమంటవ్?"

దయాకర్ కంచంలోకి చూశాడు. "నువ్వేం జెయ్యకు. చేసేటియే బంద్ పెట్టు. గోలీలు, దండీలు. రెండు నెలలు. ఆర్డర్ చేతికొచ్చిన తెల్లారి నుంచే మళ్ల మొదలుపెట్టు. నేను వద్దంటనా?"

సదానందం భార్య వైపు చూశాడు. బాలలక్ష్మి పప్పు గిన్నెలో గరిటె తిప్పుతూ ఉంది.

"దేవుడిచ్చిన ఒళ్లు. చేతులార ఎట్ల పాడు చేసుకోవాలె?"

"దేవుడు కొడుకును గూడ ఇచ్చిండు" అంది బాలలక్ష్మి తలెత్తకుండా.

తెల్లవారి దొడ్లో నేల మీద చేతులు ఆనించి చాలాసేపు అట్లాగే ఉన్నాడు. బిడ్డల కోసం ఒళ్లు ఇచ్చేయడం తప్పెట్లా అవుతుంది? ప్రభువు ఇచ్చిందీ ఒళ్లే కదా. కాని ఆయన ఒళ్లును వేరేవాళ్లు విరిచారు, ఆయనంతట ఆయన విరుచుకోలేదు. మరి వేరేవాళ్ల చేతికి అప్పజెప్పింది ఆయనే కదా. ఇటు తిప్పినా అటు తిప్పినా తెగలేదు. పాస్టరయ్యను అడుగుదామనుకున్నాడు. అడిగితే ఆయన వద్దంటాడు. వద్దన్నాక కూడా చేయవలసి వస్తే అది ఇంకా పెద్ద తప్పవుతుంది. అందుకే అడగలేదు.

భస్మ బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని వచ్చి, గోలీల డబ్బా బాలలక్ష్మి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బియ్యం డ్రమ్ము వెనక దాచింది.

ఆ ఏడు ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాలు, రంజాన్ కలిసి వచ్చాయి. చర్చివాళ్లు సాయంత్రం దాకా ఉపవాసముండి ఇంటింటా ప్రార్థనలు పెట్టుకుంటున్నారు. ఖయ్యూం పొద్దంతా గుటక నీళ్లు మింగకుండా గనిలో దుంగలు మోస్తున్నాడు. ఆ నడుమ సదానందం పగటిపూట బస్టాండు హోటల్లో, గోడ వైపు తిరిగి కూర్చుని జిలేబీ తినేవాడు. దయాకరే తీసుకుపోయి కూర్చోబెట్టేవాడు. తింటున్నంతసేపు బయట నిలబడి ఫోన్ చూసుకునేవాడు. ఒకరోజు ఖయ్యూం అటుగా పోతూ చూశాడు.

"ఏంది భాయ్, మాకు రోజా, మీకు ఉపవాసం. తాలూకా మొత్తంల నువ్వొక్కనివే తింటున్నట్టున్నవ్."

"జర నీరసంగ ఉంటే..."

"షుగరోనికి నీరసమైతే జిలేబీ పెడతరా? ఏ డాక్టర్ చెప్పిండు, నాకు గూడ పేరు చెప్పు." నవ్వాడు. ఆ తర్వాత దయాకర్ వైపు చూసి నవ్వడం ఆపాడు. ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు.

సదానందానికి జిలేబీ కంటే దండీలు మానడమే బరువైంది. పొద్దున్నే మెలకువ వచ్చేది. లేచి మోకాళ్ల మీద కూర్చునేవాడు. పేర్లు గుర్తుకొచ్చేవి కావు. ఒకటి వస్తే ఇంకోటి జారిపోయేది. ఇన్నేళ్లూ ఆ పేర్లు తలలో ఉన్నాయనుకున్నాడు. అవి భుజాల్లో ఉన్నాయి, తొడల్లో ఉన్నాయి. ఉత్తగా కూర్చుని కళ్లు మూసుకుంటే నిద్ర వచ్చేది. మంచంలో పడుకుని కాలనీ కుక్కల అరుపులు వినేవాడు. దేవుడు మాట్లాడడం మానాడా, తను అడగడం మానాడా? రెండూ ఒకటే కావచ్చు.

ఒక సాయంత్రం ఐలవ్వ ఇంట్లో ఉపవాస ప్రార్థన జరిగింది. పొద్దంతా పస్తున్న ముసలామె అందరికీ అంబలి పోస్తూ అతని దగ్గర ఆగింది.

"సదానందం, నా పేరు వేసుకుంటున్నవా బిడ్డా? ఈ నడుమ మోకాళ్లు బాగ గుంజుతున్నయ్."

"వేసుకుంటున్నవ్వా" అన్నాడు.

"నువ్వు చిక్కినవేంది? ఉపవాసం బాగ పట్టినట్టున్నవ్. జర చూసుకో. మీదికెళ్లి గనుల దిగుతవాయె."

నోరు ఎండిపోయి అంబలి గొంతు దిగలేదు. అప్పటికే విపరీతమైన దాహం పట్టుకుంది. షిఫ్టులో పదే పదే పక్కకు పోవలసి వచ్చేది. కళ్ల ముందు సన్నటి పొగలాంటిది ఆడేది. గంబూటు ఒరిసి కుడికాలి వేళ్ల దగ్గర పుండు పడింది. నొప్పి తెలియలేదు కాబట్టి దాన్ని అతను పట్టించుకోలేదు.

రంజాన్ చివరి వారంలో, సెకండ్ షిఫ్టులో, ఆ దుంగ పడింది.

కొత్తగా బొగ్గు తీసిన చోట పైకప్పు టకటకమంటోంది. త్వరగా ఆధారం పెట్టాలి. ఇద్దరూ దుంగ లేపారు. ఎప్పటిలాగే సదానందం కింది కొస భుజానికి ఎత్తుకున్నాడు, ఖయ్యూం పై కొసను గోడవారగా తోస్తూ పోయాడు. సగం లేచింది. సదానందం చేతుల్లో జీవం తీగ తెగినట్టు పోయింది. పట్టు బిగించాలనుకున్నాడు. అనుకున్నది చేతుల దాకా రాలేదు. దుంగ పక్కకు ఒరిగి, ఖయ్యూం చేతిని బండకు అదిమి, కిందికి జారింది.

ఖయ్యూం అరవలేదు. చేతిని చంకలో పెట్టుకుని అట్లాగే కూలబడ్డాడు. "నువ్వు మంచిగున్నవా?" అన్నాడు. లైటు వెలుతురులో అతని పెదవులు తెల్లగా ఉన్నాయి. రోజా విడిచి అప్పటికి ఎంతోసేపు కాలేదు.

రెండు వేళ్లు తీసేశారు. ఎంక్వయిరీలో సదానందాన్ని ఏమీ అడగకముందే ఖయ్యూం చెప్పాడు: "నా చెయ్యే జారింది సార్. పొద్దంత ఉపవాసమున్న. కండ్లు తిరిగినయ్." ఆఫీసరు రాసుకున్నాడు. సదానందం పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు తెరిస్తే బోర్డు మాట మొత్తం బయటికొస్తుంది. తెరవలేదు.

ఇంటికి వచ్చి బాలలక్ష్మితో అన్నాడు. "ఇగ చాలు. గోలీలు తియ్యి."

ఆమె బియ్యం డ్రమ్ము దాకా పోయి ఆగింది. "ఇప్పుడు తీస్తే, ఆయన వేళ్లు గూడ ఉత్తగనే పోయినట్టాయె" అంది. చెప్పి, తన మాట తనకే భయమేసినట్టు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. సదానందం మళ్లీ గోలీలు అడగలేదు. ఆమె తప్పుగా చెప్పలేదు, అదే అతన్ని కుంగదీసింది.

ఈస్టర్ నాడు చీకటితోనే అందరూ కొవ్వొత్తులతో సమాధుల తోటకు నడిచి పోయారు. అతను ఆటోలో పోయాడు.

బోర్డుకు పోయే ముందురోజు మధ్యాహ్నం దయాకర్ తండ్రి కాలికి సాక్సు తొడగబోయి ఆగిపోయాడు. వేళ్లు నల్లగా ఉన్నాయి. వాసన వస్తోంది. కాసేపు ఆ పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు.

"బాపు, ఇప్పుడే దవాఖానకు పోదాం నడువ్."

"రేపు పోతున్నంగద, డాక్టర్ల దగ్గరికే."

"గట్ల కాదు బాపు..."

"ఒక్కరోజుల ఏమైతది బిడ్డా? ఇంత దూరం వచ్చినం."

దయాకర్ ఏడ్చాడు. చిన్నప్పటిలాగా చప్పుడు చేస్తూ ఏడ్చాడు. ఏడ్చి, మొహం కడుక్కుని, బస్సు టైం కనుక్కోవడానికి పోయాడు.

పెద్ద దవాఖానలో వరుసలో కూర్చున్నవాళ్లంతా అతని వయసువాళ్లే. చాలామంది పక్కన కొడుకులున్నారు. కొందరు నిజంగానే దగ్గుతున్నారు. ఎవరు ఎందుకు దగ్గుతున్నారో ఎవరూ ఎవరినీ అడగడం లేదు.

లోపల ముగ్గురు డాక్టర్లున్నారు. నడుమ కూర్చున్నామె పెద్దావిడ, కళ్లద్దాలు. పాత కాగితాలు తిరగేసింది. "ఇన్నేండ్లు షుగర్ ఇంత మంచిగ పెట్టుకున్నవ్. మా పేషెంట్లకు నిన్ను చూపించొచ్చు. ఇప్పుడేంది ఒక్కసారే ఇట్లయింది?"

సదానందం బల్ల మీది కాగితాల వైపు చూశాడు.

"గోలీలు రోజు వేసుకుంటున్నవా?"

ఆ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. లేదంటే, మూడు నెలలు సరిగ్గా వేసుకుని మళ్లీ రమ్మంటారు. అప్పటికి గడువు దాటిపోతుంది. వేసుకుంటున్నానంటే, మందులకు కూడా లొంగని జబ్బని రాస్తారు. కాళ్ల కింద నేల చల్లగా ఉంది. ప్రార్థన చేద్దామనుకున్నాడు. ఏమని చేయాలి? అబద్ధం నిలబడేటట్టు చూడమనా?

"వేసుకుంటున్న మేడం."

"రోజూ?"

"రోజూ."

ఆమె నమ్మింది. అంతకంటే ఆమె కోప్పడి ఉంటే బాగుండుననుకున్నాడు అతను. లేచి వచ్చి కట్టు విప్పి కాలు చూసింది. భుజం మీద చెయ్యి వేసి, "ఇది ఎప్పుడో చూపించుకోవాలె పెద్దాయనా, ఇది ముందు తీసెయ్యాలె" అంది. నీ తప్పేం లేదు, ఒక్కోసారి ఎంత చేసినా ఒళ్లు మాట వినదు అని కూడా అంది.

రెండు కాలివేళ్లు తీసేశారు. అన్‌ఫిట్ ఇచ్చారు.

వానాకాలం నడిమికి దయాకర్‌కు ఆర్డరు వచ్చింది. అలేఖ్య పిల్లతో వచ్చింది. ఇంట్లో మళ్లీ ఆటబొమ్మల చప్పుడు. ఇంత మేలు జరిగాక కృతజ్ఞతా కూడిక పెట్టకపోతే చర్చిలో అడుగుతారు. క్వార్టర్ ముందు షామియానా వేశారు. కోళ్లు తెచ్చారు. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టరయ్య మైకు పట్టుకుని, "ఇప్పుడు సదానందం అన్న సాక్ష్యం చెప్తడు. అందరు చెవి పెట్టున్రి" అన్నాడు.

అతను కర్ర ఆనుకుని లేచాడు. ముందు వరుసలో ఐలవ్వ అప్పుడే కళ్లు మూసుకుని ఆమెన్ అనడానికి సిద్ధంగా ఉంది. దయాకర్ కొత్త చొక్కాలో, మంచినీళ్ల గ్లాసుల ట్రే పట్టుకుని ఉన్నచోటే బిగుసుకుపోయి నిలబడ్డాడు. నిజం చెబితే ఆ చొక్కా మీదికి మళ్లీ పాత రోజులొస్తాయి. దేవుడు చేశాడని చెబితే, డాక్టరమ్మతో ఆడిన అబద్ధం ఈసారి దేవుడి మొహం మీదే ఆడినట్టు.

"నా దగ్గర సాక్ష్యం లేదు" అన్నాడు. మైకు గీరుమంది. "మీరే నా కొరకు ప్రార్థన చేయున్రి. ఇంతే."

కూర్చున్నాడు. సంతోషంతో మాట పెగల్లేదని పాస్టరయ్య అందరికీ చెప్పి, పాట ఎత్తుకున్నాడు. బాలలక్ష్మి కళ్లు తుడుచుకుంది. పక్కనున్న ఆడవాళ్లు కూడా తుడుచుకున్నారు. దయాకర్ గ్లాసులు పంచసాగాడు.

వడ్డన మొదలయ్యాక సదానందం షామియానా వెనక, బోళ్లు కడిగే చోట కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఖయ్యూం కంచం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. బోర్లించిన గంగాళం మీద కూర్చున్నాడు.

"కోళ్లను ముల్లాతోనే కోయించినం. తిను" అన్నాడు సదానందం.

"తెలుసు. వదిన చెప్పింది." కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లతో అన్నం కలుపుకున్నాడు. ఇంకా అలవాటు కాలేదు, మెతుకులు జారుతున్నాయి. "పోరడు మా జట్టులనే దిగుతడట గదా. ఫికర్ చెయ్యకు. నేను చూసుకుంట."

"ఖయ్యూం, ఆ రోజు నీ చెయ్యి జారలే. నా చెయ్యి..."

"తెలుసు భాయ్. దుంగకు అవతలి కొసన ఉన్నది నేను. నాకు తెల్వదా?" అటూ ఇటూ చూసి గంగాళాన్ని దగ్గరికి జరుపుకున్నాడు. "జిలేబీ కాన్నే సమజైంది. గందుకే ఎంక్వయిరీల గట్ల చెప్పిన. నీ పోరని నోటికాడి కూడు నేనెందుకు పడగొట్టాలె?"

సదానందం కర్రను మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

"మా కొడుకు అవేజ్ ఎలక్ట్రిక్ దుకాణంల కూసుంటుండు. వాళ్లు ఎప్పుడు పొమ్మంటరో తెల్వది. నేను నీకంటె చిన్న, నాకు ఇంకొక్క ఏడు టైమున్నది. రెండు వేళ్లకు అన్‌ఫిట్ ఇయ్యరట, అడిగిన. నాకు బీపీ ఉన్నది, ఎరికే గదా." గొంతు తగ్గించాడు. పనిముట్టు ఎట్లా పట్టుకోవాలో అడిగినట్టు, నెమ్మదిగా అడిగాడు. "నువ్వు ఎట్ల చేసినవ్? గోలీలు ఒక్కసారే బంద్ పెట్టినవా, జర జర తగ్గించుకుంట వచ్చినవా?"

"వద్దు ఖయ్యూం."

"నీ కొడుకు దిగుతుండు గదా భాయ్."

షామియానాలో పిల్లలెవరో ఉరికితే బాలలక్ష్మి కేకేస్తోంది. ఖయ్యూం తినడం ఆపి, కంచం ఒళ్లో పెట్టుకుని, ఓపిగ్గా చూస్తున్నాడు. ఇన్నేళ్లలో అతను సదానందాన్ని అడిగింది పెద్దగా ఏమీ లేదు.

"ఒక్కసారే బంద్ పెట్టకు" అన్నాడు సదానందం చివరికి. "కండ్లు తిరుగుతయ్. కింద ఉన్నప్పుడు పక్కోనికి ప్రమాదం."